చిన్న బోటుకు అలల కబురు: ఇన్‌కాయిస్ సముద్ర సూచనల సేవపై సమీక్ష

గాలి పెరిగిన రోజున తీరం వెంబడి చిన్న బోటులో ఇంటికి రావలసినవారికి "ఇవాళ సముద్రం బాగుందా" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే చాలదు. బయలుదేరిన రేవు దగ్గర అలలు ఒక తీరుగా ఉంటాయి, నడిదారిలో మరో తీరుగా, చేరవలసిన మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇంకో తీరుగా ఉంటాయి. ఈ మూడింటినీ విడివిడిగా అంచనా వేసుకోవడానికి మనకు నేడు అందుబాటులో ఉన్న సాధనాలలో, హైదరాబాదు ప్రగతినగర్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే అందరూ ఇన్‌కాయిస్ అని పిలిచే సంస్థ, ఉచితంగా ఇస్తున్న సముద్ర స్థితి సూచనల సేవ అన్నిటికంటే మేలైనదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణాలు, ఆ సేవను ఎక్కడిదాకా నమ్మవచ్చు, ఎక్కడ నమ్మకూడదు అన్న సంగతులు ఈ సమీక్షలో వివరిస్తాను. ఫైబర్ బోట్లలో వేటకు వెళ్ళేవారిని, ఒడ్డున కూర్చొని వారి కోసం ఎదురుచూసేవారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

నేను మాట్లాడుతున్నది పెద్ద మరపడవల గురించి కాదు. మా కుటుంబానికి ఉన్నది తొమ్మిది మీటర్ల ఫైబర్ బోటు, దానికి వెనుక బయట తగిలించే పది హార్స్‌పవర్‌కు లోపు ఔట్‌బోర్డ్ ఇంజను, ఇంజను మొరాయించినా గాలి అనుకూలించినా ఎత్తుకోవడానికి ఒక తెరచాప. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో ఇటువంటి బోట్లే ఎక్కువ. వీటికి డెక్కు ఉండదు. లోపలికి వచ్చిన నీటిని తోడి పోయవలసిందే తప్ప దానంతట అది బయటికి పోదు. అందువల్ల పెద్ద నౌకకు లెక్కలోనికి రాని అల వీటికి ప్రాణాంతకం అవుతుంది.

ఇన్‌కాయిస్ 1999లో కేంద్ర ప్రభుత్వపు సంస్థగా ఏర్పడింది. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే పనిచేస్తున్నది. మత్స్యకారులకు ఈ సంస్థ పేరు తెలిసింది ముఖ్యంగా చేపలు దొరికే చోట్ల సమాచారం ద్వారా. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా, ఎంత దూరం, ఎంత లోతున చేపలు గుమికూడే వీలుందో ఉపగ్రహాలు కొలిచే నీటి ఉష్ణోగ్రతను బట్టి, నీటి రంగును బట్టి చెప్పే సేవ అది. వేటకు పోవడానికి ఆ సేవ ఎంత ఉపయోగమో, తిరిగి రావడానికి అలల సూచన అంత ఉపయోగం. కాని మొదటిదాన్ని శ్రద్ధగా చూసేవారందరూ రెండవదాన్ని అదే శ్రద్ధతో చూడరు. చేప ఉందన్న కబురు మనిషిని దూరానికి లాగుతుంది కాబట్టి, రెండింటినీ ఒకేసారి, ఒకే రోజుకు కాక తిరిగివచ్చే రోజుకు కూడా చూసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

సేవ అందే మార్గాలు అనేకం. ఇన్‌కాయిస్ వెబ్‌సైటు ఉంది, సముద్ర అనే మొబైల్ యాప్ ఉంది, చేపల రేవుల్లో ఎలక్ట్రానిక్ బోర్డులు ఉన్నాయి. ఇవే సూచనలను తీసుకొని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వారి ఫిషర్ ఫ్రెండ్ యాప్ కూడా అందిస్తున్నది. మార్గం ఏదైనా అందులో చూడవలసినవి అలల ఎత్తు, అలలు వచ్చే దిక్కు, అలల వ్యవధి, గాలి వేగం, గాలి దిక్కు, నీటి ప్రవాహం, పోటుపాట్ల వేళలు. రాబోయే కొన్ని రోజులకు, కొద్ది గంటల అంతరంతో ఈ అంకెలు ఉంటాయి. కంప్యూటరు నమూనాలు ఇచ్చే ఈ అంకెలను సముద్రంలో తేలుతూ నిజమైన అలలను కొలిచే బోయాలతో సరిచూస్తారు. అటువంటి బోయా ఒకటి విశాఖపట్నం దగ్గర కూడా ఉండడం మన తీరానికి మేలు చేసే సంగతి.

చాలామంది ఇందులో ఎత్తును మాత్రమే చదివి ఊరుకుంటారు. ఆ ఎత్తు కూడా ఏమిటో తెలియకుండానే చదువుతారు. సూచనలో 2 మీటర్లు అని ఉంటే ఆ రోజు ప్రతి అలా 2 మీటర్లు ఉంటుందనీ కాదు, అంతకు మించదనీ కాదు. వచ్చే అలలను ఎత్తు ప్రకారం వరుసపెట్టి, వాటిలో పెద్దవైన మూడవ వంతు అలల సగటు ఎత్తును ఆ అంకెగా చెబుతారు. చాలా అలలు దానికంటే చిన్నవే ఉంటాయి. కాని గంటల తరబడి నీటి మీద ఉన్న బోటుకు దాదాపు రెట్టింపు ఎత్తున్న అల కూడా ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది. 2 మీటర్లు అన్న రోజున మూడున్నర మీటర్ల అలను ఊహించుకొని బయలుదేరాలి. ఇది సూచన తప్పడం కాదు, సూచన చెబుతున్న మాటే అది.

అయితే నా దృష్టిలో ఈ సేవ మొత్తానికీ ప్రాణం లాంటిది ఎత్తు కాదు, అలల వ్యవధి. ఒక అల తల మనను దాటిపోయాక రెండవ అల తల రావడానికి పట్టే సెకన్ల సంఖ్య అది. లోతైన నీటిలో ఈ సెకన్ల వర్గాన్ని 1.56తో గుణిస్తే అల పొడవు మీటర్లలో వస్తుంది. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లు. 12 సెకన్ల అల పొడవు దాదాపు 225 మీటర్లు. రెండూ 2 మీటర్ల ఎత్తువే అనుకుందాం. మొదటిది 39 మీటర్లలోనే 2 మీటర్లు లేచి పడుతుంది కనుక దాని ముఖం నిటారుగా ఉంటుంది, తల మీద నురుగు విరుగుతుంది, తొమ్మిది మీటర్ల బోటు ముక్కు ఒక అల నుంచి తేరుకోకముందే రెండవది వచ్చి పడుతుంది. రెండవది బోటును మెల్లగా పైకెత్తి మెల్లగా దించుతుంది, లోపల కూర్చున్నవారికి అంత పెద్ద అల దాటినట్టు కూడా తెలియదు. ఎత్తు అంకె ఒక్కటే చూసేవారికి ఈ రెండు రోజులూ ఒకటే. వ్యవధి కూడా చూసేవారికి మొదటిది ఒడ్డున ఉండవలసిన రోజు.

2020లో ఇన్‌కాయిస్ చిన్న బోట్ల కోసం ప్రత్యేకంగా మొదలుపెట్టిన సలహా సేవకు ఇదే ఆధారం. అది బోటు భద్రతా సూచిక అనే ఒక లెక్కను వాడుతుంది. అలల ఎత్తు, అలల నిటారుతనం, అలలు ఒకే దిక్కు నుంచి వస్తున్నాయా లేక పలు దిక్కుల నుంచి కలగాపులగంగా వస్తున్నాయా అన్నది, గాలి అలలు, అంటే అక్కడి గాలికే లేచే అలలు, ఎంత త్వరగా పెరుగుతున్నాయన్నది, ఈ నాలుగింటినీ కలిపి, ఏ ప్రాంతంలో బోటు బోల్తా పడే ప్రమాదం ఉందో పది రోజుల ముందు వరకు చెబుతుంది. వెడల్పు 7 మీటర్ల లోపు ఉన్న బోట్లకు ఇది వర్తిస్తుంది. మన దేశంలోని చేపల బోట్లన్నీ ఈ హద్దులోనే ఉంటాయి. బోటు వెడల్పును లెక్కలోకి తీసుకోవడం దీనిలోని గొప్ప ఆలోచన. మా బోటు వంటి రెండు మీటర్ల వెడల్పు బోటుకూ అయిదు మీటర్ల మరపడవకూ ఒకే సముద్రం ఒకే ప్రమాదం కాదు కదా. పది రోజుల ముందు చెప్పేదాన్ని ఒక సూచనగా తీసుకొని, రెండు మూడు రోజుల ముందు చెప్పేదాన్ని నిర్ణయానికి ఆధారంగా తీసుకోవడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది.

ఇక ఇంటిదారి సంగతికి వస్తాను. విశాఖపట్నం రేవు నుంచి కాకినాడ దగ్గరి ఉప్పాడకు తీరం వెంబడి దాదాపు 120 కిలోమీటర్లు. గంటకు 12 కిలోమీటర్లు పోయే బోటుకు అది పది గంటల ప్రయాణం. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటాక గంగవరం, ముత్యాలమ్మపాలెం, పూడిమడక, బంగారమ్మపాలెం, రాజయ్యపేట, పెంటకోట, పెరుమాళ్ళపురం, కోనపాపపేట వరుసగా వస్తాయి. ఊళ్ళు దగ్గర దగ్గరగానే ఉన్నా, గాలి పెరిగిన రోజున వీటిలో ఎక్కువ చోట్ల ఒడ్డు పట్టడం అంటే విరిగే కెరటాల మధ్య నుంచి ఇసుక మీదికి బోటును తోలడమే. అందువల్ల "అవసరమైతే మధ్యలో ఎక్కడైనా దిగిపోదాం" అనుకొని బయలుదేరడం ఈ తీరంలో తగదు.

ఈ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఒరిగి ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, తీరపు ప్రవాహం కూడా దక్షిణం వైపే సాగుతుంది. ఉప్పాడకు వచ్చేవారికి ఇది వెనుక గాలి. చాప ఎత్తితే ఇంజను ఆపి కూడా రావచ్చు, చమురు మిగులుతుంది, ప్రయాణం హాయిగా ఉందనిపిస్తుంది. ప్రమాదం కూడా ఆ హాయిలోనే ఉంది. 5 సెకన్ల గాలి అల గంటకు దాదాపు 28 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది, అంటే వెనుక నుంచి వచ్చే ప్రతి అలా బోటును దాటిపోతుంది. అల బోటు వెనుకభాగాన్ని ఎత్తినప్పుడు ముక్కు నీటిలోకి దిగుతుంది, ముక్కు ఆగి వెనుకభాగం ముందుకు తోసుకు వచ్చినప్పుడు బోటు అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన బోటు మీద తరువాతి అల పడితే బోల్తా కొడుతుంది. ఎదురుగాలిలో అల ఎంత పెద్దదో కళ్ళ ముందే కనబడుతుంది. వెనుకగాలిలో మాత్రం తిరిగి చూసేదాకా తెలియదు, వెనుకకు తిప్పుకొని ఒడ్డుకు పోదామన్నా అప్పటికి ఆ అలలకు ఎదురు పోవలసి వస్తుంది.

ఈ సేవ నిజంగా అక్కరకు వచ్చేది ఇటువంటి ప్రయాణానికి. బయలుదేరే రేవు దగ్గరి అంకెలు చూసి తృప్తి పడకుండా, పూడిమడక దగ్గరికి మనం చేరే వేళకు అక్కడ ఏముంటుందో, పెంటకోట దాటే వేళకు ఏముంటుందో, ఆ చోటును ఆ గంటను కలిపి చూడాలి. ఉదయం 1.2 మీటర్లు, 8 సెకన్లు ఉన్నది మధ్యాహ్నానికి 1.8 మీటర్లు, 5 సెకన్లు అవుతుందని సూచన చెబుతుంటే, ఎత్తు అరమీటరే పెరిగింది కదా అనుకోకూడదు. అల నిటారుతనం, అంటే ఎత్తును పొడవుతో భాగిస్తే వచ్చే లెక్క, దాదాపు నాలుగు రెట్లు అయింది. అటువంటి రోజున ముందురోజే రావడమో, మరునాటి వరకు విశాఖ రేవులో ఆగడమో చేయాలి. మా చిన్నాన్న జీవితమంతా గాలినీ ఆకాశాన్నీ చూసి బోటు నడిపినవారు. ఇప్పుడు ఆయన కూడా బయలుదేరేముందు "సెకన్లెన్ని రా?" అని అడుగుతారు. ఆయన అనుభవానికి ఈ అంకె పోటీ కాదు. ఆయన కంటికి అందని ఎనిమిది గంటల తరువాతి సముద్రాన్ని అది ఆయన ముందుకు తెస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలుల కాలంలో ఇదే దారి ఎదురుగాలి అవుతుంది. ప్రయాణం నెమ్మదిస్తుంది, ఒళ్ళంతా తడుస్తుంది, చమురు రెట్టింపు అవుతుంది. ఈ కాలంలో అలల అంకెలతోపాటు సూచనలోని గాలి వేగాన్ని కూడా ఇంజను సామర్థ్యంతో పోల్చి చూసుకోవాలి.

వ్యవధి అంకెకు ఉన్న రెండవ ముఖం మొగ దగ్గర కనబడుతుంది, దీన్ని యాప్ వాడే యువకులకు మరీ మరీ చెప్పాలి. దూరం నుంచి వచ్చి, లోతైన నీటిలో నిరపాయంగా దాటిపోయిన 12 సెకన్ల అల, లోతు తగ్గేకొద్దీ వేగం కోల్పోయి ఎత్తు పెంచుకుంటుంది. అల ఎత్తుకు ఒకటింబావు, ఒకటిన్నర రెట్ల లోతు దగ్గర అది విరుగుతుంది. గోదావరి పాయల మొగల్లోనూ, తాండవ, వరాహ వంటి చిన్న నదుల మొగల్లోనూ ఇసుక మేటల మీద నీటి లోతు అంతే ఉంటుంది. పాటు వేళ నది నీరు బయటికి తోసుకువస్తూ, ఎదురుగా గాలి లోపలికి వీస్తుంటే అలలు ఇంకా దగ్గర దగ్గరగా నిటారుగా లేస్తాయి. కాబట్టి చిన్న వ్యవధి నడిసముద్రంలో ప్రమాదం, పెద్ద వ్యవధి మొగలో ప్రమాదం. నల్లగా నున్నగా కనబడే సముద్రం మీద హాయిగా వచ్చిన బోట్లు గుమ్మం దాకా వచ్చి మొగలో తిరగబడడానికి కారణం ఇది. మన తీరంలో పోటుపాట్ల తేడా ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూ మాత్రమే అయినా, మేట మీద రెండు మీటర్ల నీరే ఉన్నప్పుడు ఆ తేడా ప్రాణం మీదికి వచ్చే తేడా. సూచనలో పోటు వేళ చూసుకొని, పోటు ఎక్కుతున్న సమయానికి మొగకు చేరేలా విశాఖలో బయలుదేరే వేళను నిర్ణయించుకోవాలి. ముందే చేరితే బయట లోతు నీటిలో ఆగి, పెద్ద అలల గుంపు దాటిపోయే వరకు చూసి, ఒక అల వీపు వెనుకే లోపలికి రావాలి.

కాకినాడకు వచ్చేవారికి మరో సంగతి. పదహారు కిలోమీటర్ల పొడవున్న హోప్ దీవి తూర్పు నుంచి, దక్షిణం నుంచి వచ్చే అలలను చాలావరకు ఆపుతుంది. అయితే కాకినాడ అఖాతం ఉత్తరం వైపు తెరిచి ఉంటుంది కనుక ఈశాన్యపు గాలి రోజున ఆ రక్షణ పూర్తిగా దొరకదు. సూచనలో అలల ఎత్తుతోపాటు దిక్కును కూడా చూడమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన తీరంలో లేదు.

ఈ సేవ చేయలేని పనులు కూడా స్పష్టంగా చెప్పాలి. నమూనా సముద్రాన్ని కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి లెక్క వేస్తుంది. వంద మీటర్ల మొగలో నిన్నటి వరదకు ఇసుక మేట ఎటు జరిగిందో దానికి కనబడదు. ఆ సంగతి ఆ ఊరివారినే అడగాలి. రెండవది, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములతో వచ్చి అరగంటలో పోయే ఈదురుగాలి. అలల సూచన ప్రశాంతంగా ఉన్న రోజునే అది రావచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల, ఇంజను బోట్ల వేటకు నిషేధం ఉన్నందువల్ల ఈ ప్రమాదం కొంత తగ్గినా పూర్తిగా పోలేదు. దీనికి వాతావరణ శాఖ ఇచ్చే ఉరుముల హెచ్చరికలను వేరుగా చూడాలి. తుపాను విషయంలో విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం మాట, రేవులో ఎగరేసే ప్రమాద సూచికల మాట చివరి మాట. వేటకు వెళ్ళరాదన్న హెచ్చరిక ఉన్న రోజున అలల అంకెలు ఎంత తక్కువగా కనబడినా బోటు కదపకూడదు.

మూడవది ఫోను. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోనుకు సిగ్నల్ సాధారణంగా ఉండదు, యాప్ ఉన్నా లేనట్టే. ఈ లోటు తీర్చడానికి ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 2019లో జెమిని అనే పరికరాన్ని తెచ్చాయి. అది విమానాలకు దారి చూపడానికి ఏర్పాటైన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా సూచనలనూ హెచ్చరికలనూ అందుకొని బ్లూటూత్‌తో ఫోనుకు పంపుతుంది. దూరపు వేటకు వెళ్ళే బోటుకు ఇది ఉండి తీరాలి. కాని అది వినడానికే గాని చెప్పడానికి కాదు, ఆపదలో ఉన్నామని దాని నుంచి కబురు పంపలేము. ఆ పనికి ఇస్రో రూపొందించిన ఆపద సందేశ పరికరం ఉంది. దాని రెండవ తరం పరికరంలో పంపిన సందేశం అందిందని తిరుగు కబురు కూడా వస్తుంది. నీటిలో గంటలు గడిపేవారికి ఆ తిరుగు కబురు ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు. సిగ్నల్ ఉన్నంత దూరంలో తీర రక్షక దళం నంబరు 1554 పనిచేస్తుంది. అది బోటులోని ప్రతి ఫోనులోనూ, ఇంట్లోవారి ఫోనులోనూ ఉండాలి.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళ నుంచి సముద్రం మీదికి వెళ్ళినవారు ఎందరో తిరిగి రాలేదు. ఆనాడు చిన్న బోటుకు చేరే కబురు రేడియో ఒక్కటే. ఆ తరం పడిన కష్టం తెలిసినవారెవరూ ఈ సేవను చిన్నచూపు చూడలేరు. ఉచితంగా చేతిలోకి వచ్చిన సమాచారాన్ని చదవకుండా బయలుదేరడాన్ని కూడా సమర్థించలేరు.

ఇన్‌కాయిస్ వారికి నా విన్నపం మొగల గురించినదే. ఏటిమొగ, పెంటకోట, బంగారమ్మపాలెం వంటి చోట్ల ప్రతి ఊరిలో ఒక అనుభవజ్ఞుడైన మత్స్యకారుడు ఉదయం, సాయంత్రం మొగ దగ్గర నిలబడి, మేట ఏ వైపున ఉంది, కెరటం ఎక్కడ విరుగుతోంది, లోపలికి దారి ఎటు ఉంది అన్న మూడు మాటలు ఫోనులో చెప్పగలడు. ఆ మాటలు అదే రోజు అలల సూచన పక్కనే, అదే తెరమీద, తెలుగులో కనబడేలా చేయాలి. దానికి కొత్త ఉపగ్రహం అక్కరలేదు. ప్రతి మొగకూ ఒక మనిషి, అతనికి నెలకు కొంత భృతి ఉంటే చాలు. మొదట కాకినాడ, అనకాపల్లి జిల్లాల మొగలతో, ఈశాన్య గాలులు మొదలయ్యే అక్టోబరు లోపల ప్రారంభిస్తే ఆ సీజనుకే బోట్లకు పనికివస్తుంది.